ఫ్రేజర్ మీద మావయ్యతో: తొలిసారి స్టర్జన్ వేట

ఫ్రేజర్ నదిలో స్టర్జన్ అనే పెద్ద చేపని పట్టడానికి వెళ్దామనుకునే వాళ్ళు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎంత పెద్ద చేప పడినా దాన్ని ఇంటికి తెచ్చుకోవడానికి లేదు. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అంతా తిరిగి వాంకూవర్ దగ్గర సముద్రంలో కలిసే ఈ నదిలో, కింది భాగంలో 1994 నుంచీ అదే పద్ధతి. పట్టుకోవచ్చు, కొలవచ్చు, ఫొటో తీసుకోవచ్చు, ఆ తర్వాత ప్రాణంతో నీళ్ళలోకి వదిలేయాలి.

నరసాపురం దగ్గర ఎన్నో ఏళ్ళుగా చేపల చెరువులు చేస్తున్న మా మావయ్యకి ఈ మాట ఫోన్‌లో చెప్పినప్పుడు కాసేపు లైన్ కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత, "తినేది లేనప్పుడు గాలం ఎందుకురా అబ్బాయ్?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు ఫోన్‌లో చెప్పలేకపోయాను. కూతుర్ని చూడ్డానికి వాంకూవర్ పక్కనున్న సర్రే వచ్చిన ఆయన్ని, మా మరదల్ని, వాళ్ళాయన్ని తీసుకుని సెప్టెంబర్ చివర్లో ఒక గురువారం బయల్దేరాం. నేను ఉండేది కాల్గరీలో. గాలం పట్టిన అనుభవం నాకు బొత్తిగా లేదు.

గురువారం, అబాట్స్‌ఫర్డ్ మీదుగా

సర్రే నుంచి తూర్పుకి హైవే ఎక్కితే గంటలో అబాట్స్‌ఫర్డ్. దారంతా బ్లూబెర్రీ తోటలు. కాయలు కోసేసి చాలా రోజులైంది, ఆకులు ఎర్రబడుతున్నాయి. ఈ తోటల్లో చాలా వాటికి యజమానులు పంజాబీలే. ఊళ్ళో 1911లో కట్టిన చెక్క గురుద్వారా ఉంది, జాతీయ చారిత్రక కట్టడం. పక్కనున్న కలప మిల్లులో పనిచేసిన సిక్కు కూలీలు, మిల్లు యజమానులు ఇచ్చిన దుంగల్ని భుజాల మీద మోసుకొచ్చి కట్టుకున్నారు. రోడ్డుకి అవతల కొత్త గురుద్వారాలో లంగర్, అంటే ఎవరొచ్చినా ఉచితంగా పెట్టే భోజనం, నడుస్తుంది. తలకి గుడ్డ కట్టుకుని కూర్చున్నాం. దాల్, రొట్టె, ఖీర్. వడ్డించే పెద్దాయన మావయ్య చేతిలో రొట్టె అయిపోక ముందే ఇంకోటి వేసేవాడు. వద్దంటే కూడా అరచేయి చాపమన్నట్టు సైగ చేసేవాడు. అక్కడ రొట్టెని రెండు చేతులూ చాపి అందుకోవడం మర్యాద, అది మా మరదలు ముందే చెప్పడం మంచిదైంది.

అబాట్స్‌ఫర్డ్ దాటాక హైవేకి రెండు వైపులా నేల చదునుగా, బల్లపరుపుగా ఉంటుంది. ఇక్కడ ఒకప్పుడు సుమాస్ అనే పెద్ద సరస్సు ఉండేది. 1924లో దాన్ని ఎండగట్టి పొలాలు చేశారు. ఆ తర్వాత కూడా రైతులు దుక్కి దున్నుతుంటే బురదలోంచి బతికున్న స్టర్జన్‌లు బయటపడేవని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 2021 నవంబర్ వరదల్లో నీళ్ళు మళ్ళీ తమ పాత చోటికే వచ్చి ఈ హైవేని కూడా ముంచేశాయి. మావయ్య కారు అద్దం దించి ఆ పొలాల్ని చాలాసేపు చూశాడు. కొల్లేటి దగ్గర పుట్టి పెరిగిన వాళ్ళతో చుట్టరికం ఉన్న మనిషి, ఆయనకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. "చెరువు కింద నేల ఎవడిదైనా నీళ్ళు మాత్రం నీళ్ళవే" అన్నాడు.

అగాసిజ్ దగ్గర మేము అద్దెకి తీసుకున్న చిన్న ఇల్లు వెతుక్కుంటూ ఫోన్ చెప్పిన దారిలో వెళ్తే, ఆ దారి నది కరకట్ట మీద కంకర రోడ్డుగా మారి, చివరికి ఒక మొక్కజొన్న చేను దగ్గర ఆగిపోయింది. ట్రాక్టర్ మీద ఉన్న ఒక ఆవిడ దిగొచ్చి దారి చెప్పింది. చిల్లివాక్ మొక్కజొన్న ఈ చుట్టుపక్కల పేరున్న పంట. సీజన్ ఆఖరు కావడంతో డజను కంకులు పది డాలర్లకి ఇస్తానని, పదమూడు ఇచ్చింది. దారిలో ఇంకోచోట రోడ్డు పక్కన అట్ట మీద చేత్తో రాసిన బోర్డు, కింద ఐస్ డబ్బాలు. స్టోలో వాళ్ళు సాల్మన్ అమ్ముతున్నారు. ఈ నది పొడుగునా వేల ఏళ్ళుగా ఉంటున్న జనం వీళ్ళే. పింక్ సాల్మన్ ఈ నదిలోకి బేసి సంవత్సరాల్లోనే గుంపులుగా వస్తుంది, మేం వెళ్ళింది అలాంటి ఏడే. రెండు పింక్‌లు, సాకై అనే ఇంకో రకం సాల్మన్ ఒకటి తీసుకున్నాం, మొత్తం యాభై డాలర్లు. మావయ్య అలవాటు కొద్దీ మొప్ప ఎత్తి చూశాడు. అమ్ముతున్న కుర్రాడు దానికి ఏమీ అనుకోలేదు, పైగా ఇంకా తాజాది ఉందని డబ్బా అడుగు నుంచి తీసి చూపించాడు.

శుక్రవారం ఉదయం, ఐలండ్ 22

చిల్లివాక్‌లో నది ఒడ్డున ఉన్న పార్కు పేరే ఐలండ్ 22. పడవలు దించే చోటు అది. ఏడింటికి చేరేసరికి గైడ్ అప్పటికే పడవ నీళ్ళలో పెట్టి ఉంది. నలభై దాటిన మనిషి, ఇక్కడే పుట్టి పెరిగిందట. రబ్బరు బూట్లు, చేతుల మీద ఎండిన చేప గుడ్ల మరకలు. మాతో కరచాలనం చేసి, మొదట అడిగింది లైసెన్సులు. మామూలు చేపల లైసెన్సు మీద స్టర్జన్ కోసం అదనంగా ఇంకో లైసెన్సు కొనాలి. మావయ్య విదేశీ సందర్శకుడు కాబట్టి ఆయనది మా అందరికంటే ఎక్కువైంది. ఇదంతా మిషన్ ఊళ్ళో ఉన్న రైలు వంతెనకి ఎగువన. దానికి దిగువ నది సముద్రపు ఆటుపోట్ల కిందకి వస్తుంది, అక్కడ లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. పడవకి రోజంతటికీ 1,150 డాలర్లు, నలుగురం కలిపి. సాయంత్రం మేమిచ్చిన టిప్పు 180.

రెండో ప్రశ్న, అరటిపళ్ళు ఉన్నాయా అని. మావయ్య సంచిలో ఉన్నాయి. పడవలోకి అరటిపండు తెస్తే చేపలు దొరకవని వేటగాళ్ళ నమ్మకం. ఆమె నవ్వుతూనే చెప్పింది గానీ అవి కారులో పెట్టొచ్చేదాకా తాడు విప్పలేదు. మావయ్యకి ఇది బాగా నచ్చింది. మా వైపు వలకి ముందు కొబ్బరికాయ కొట్టినట్టే కదా అని, తనే పరుగున వెళ్ళి పెట్టొచ్చాడు.

నీళ్ళు బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో ఉన్నాయి, చేయి పెడితే మోచేయి కనిపించదు. పడవ లంగరేసి ఇంజన్ ఆపగానే అడుగు నుంచి సన్నటి చప్పుడు వినిపించింది, ఆగకుండా సుయ్‌మంటూ. నది మోసుకొస్తున్న సన్న ఇసుక పడవ రేకుకి రాసుకునే చప్పుడట అది. రోజంతా వింటూనే ఉన్నాం, సాయంత్రం ఒడ్డుకి వచ్చాక కూడా చెవిలో ఉండిపోయింది.

ఈ నీళ్ళలో స్టర్జన్‌కి కళ్ళతో పెద్ద పని లేదు, వాసనే దారి. అందుకే ఎర బాగా కంపు కొట్టాలి. గైడ్ ఒక డబ్బాలోంచి నారింజ రంగు సాల్మన్ గుడ్లు తీసి, ఆడవాళ్ళు తొడుక్కునే పల్చటి నైలాన్ మేజోడు ముక్కలో నిమ్మకాయంత మూట కట్టి, సాగే దారంతో బిగించింది. తర్వాత మాతో కట్టించింది. మేజోడు గుడ్డలోంచి గుడ్ల రసం మెల్లగా ఊరుతుంది, మూట మాత్రం ప్రవాహానికి చెదరదు. మావయ్య కట్టినవి గైడ్ కట్టిన వాటికంటే బిగువుగా వచ్చాయి. "మీకు ఈ పని అలవాటా?" అని అడిగింది. నేను తర్జుమా చేశాను. "ఆయ్, ఎర కట్టడం మాకు బడికంటే ముందు వచ్చింది" అన్నాడు.

గాలం నా అరచేతిలో సగం ఉంది, ముల్లు లేనిది. ఒకటే గాలం ఉండాలి, దానికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదు, చట్టం అది. ఊడదీసేటప్పుడు చేప నోరు చిరగకూడదని. దారం 130 పౌన్ల బరువు తట్టుకునే అల్లిక. అర కిలో దాకా సీసం గుండు, లేకపోతే మూట ప్రవాహంలో కొట్టుకుపోతుంది. రాడ్‌ని పడవ అంచున గొట్టంలో నిలబెట్టి, చివర చూస్తూ కూర్చోవాలి. నేర్చుకోవాల్సిందల్లా ఆ చూపే అని అర్థమైంది. ప్రవాహం కొడుతున్నప్పుడు రాడ్ చివర ఒకే తీరుగా ఊగుతుంటుంది. చేప తాకితే లయ తప్పుతుంది, తలుపు మీద ఎవరో వేలితో మెల్లగా తట్టినట్టు రెండు మూడు చిన్న దెబ్బలు. అంత పెద్ద చేప అంత నెమ్మదిగా ఎందుకు తాకుతుందంటే, దానికి పళ్ళు లేవు. మూతి కింద నాలుగు మీసాలతో అడుగున తడుముకుంటూ పోతుంది, తిండి తగిలితే నోటిని గొట్టంలా బయటికి చాపి లోపలికి పీల్చుకుంటుంది. చివర బాగా కిందకి వంగేదాకా ఆగి, అప్పుడు గట్టిగా ఎత్తాలి.

మొదటి చేప మా తమ్ముడికి పడింది. మరదలి మొగుణ్ణి నేను తమ్ముడనే అంటాను, మావయ్య మాత్రం ఎంత కంగారులోనూ "అల్లుడుగారూ, లాగండి, లాగండి" అనే అంటాడు. చిన్న చేపే, మీటరు లోపు. వీపు మీద, పక్కల మీద ఐదు వరసల్లో ఎముక పలకలు, పిల్ల చేపకి అవి కొడవలి పళ్ళంత పదును. చేతికి తగిలితే తెగుతుందని గైడ్ తడి గుడ్డ ఉయ్యాలలో పెట్టి, తల వెనక స్కానర్ ఆడించింది. ఏ చప్పుడూ రాలేదు. అంటే ఇంతకుముందు ఎవరూ పట్టి చీటీ పెట్టని చేప. బియ్యపు గింజంత గాజు చిప్పు సూదితో చర్మం కింద పెట్టి, నంబరు తడవని కాగితం మీద రాసుకుని, పొడవు, చుట్టుకొలత కొలిచి వదిలేసింది. మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉండొచ్చు.

శుక్రవారం మధ్యాహ్నం

పదకొండింటికి లంగరు ఎత్తి ఎగువకి వెళ్ళాం. మధ్యలో పులిహోర, చేగోడీలు తిన్నాం. గైడ్‌కి చేగోడీలు తెగ నచ్చి, కారం ఎందులోంచి వస్తోందని అడిగి మరీ తిన్నది. మిషన్ నుంచి ఎగువన హోప్ అనే ఊరి దాకా ఉన్న ఈ ముక్కని ఇక్కడ ఫ్రేజర్ గుండెకాయ అంటారు. నది పాయలు పాయలుగా విడిపోయి, మధ్యలో గులకరాళ్ళ దిబ్బలు, కాటన్‌వుడ్ చెట్ల లంకలు. జూన్‌లో మంచు కరిగి నది పొంగినప్పుడు స్టర్జన్‌లు గుడ్లు పెట్టేది ఈ పాయల్లోనే. మావయ్య ఆ లంకల్ని చూసి మన లంకలే కదరా అన్నాడు. నిజమే, చెట్లు మారాయి తప్ప నది చేసే పని అదే.

ఇక్కడ ఆనకట్ట ఎక్కడుంది అని ఆయన అడిగాడు. ఫ్రేజర్ ప్రధాన నదికి పుట్టిన చోటు నుంచి సముద్రం దాకా, దాదాపు 1,375 కిలోమీటర్ల పొడవునా ఎక్కడా ఆనకట్ట లేదు. గైడ్ ఈ మాట చెప్తుంటే మావయ్య నమ్మలేదు, నన్ను రెండోసారి అడగమన్నాడు. పులస సముద్రంలోంచి ఎదురీది గోదావరిలోకి వచ్చి ధవళేశ్వరం దగ్గర ఆగిపోవడం చూస్తూ పెరిగిన మనిషికి అంతకంటే పెద్ద వింత ఇంకోటి లేదు. ఫ్రేజర్ ఉపనది నెచాకో మీద మాత్రం 1950ల్లో కెన్నీ డ్యామ్ కట్టారు. అక్కడి స్టర్జన్‌ల పిల్లలు బతికి బయటపడటం దాదాపు ఆగిపోయింది. నెచాకో, కూట్నీ, కొలంబియా నదుల్లోని గుంపుల్ని 2006లో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల చట్టం కింద చేర్చారు. ఒకే చేప, ఒకే రాష్ట్రం, గోడ ఉన్న చోట ఒక కథ, లేని చోట ఇంకో కథ.

రెండు దాటాక నా రాడ్ చివర తట్టింది. ఆగింది. మళ్ళీ తట్టింది. గైడ్ నా భుజం మీద చేయి వేసి ఆగు, ఆగు అంటోంది. రాడ్ వంగి అంచుకి తాకేంత కిందకి వెళ్ళాక, "ఇప్పుడు!" అన్నది. ఎత్తాను. రాయికి తగులుకున్నట్టు కదల్లేదు. ఆ తర్వాత ఆ రాయి బయల్దేరింది.

రీల్ మీంచి దారం పోతూనే ఉంది. నా నడుముకి బెల్టు కట్టి రాడ్ మొదలు అందులో దోపారు. గైడ్ లంగరు తాడుకి బంతి కట్టి నీళ్ళలో వదిలేసి, పడవని చేప వెనకాల పోనిచ్చింది. ఇలాంటి చేపని నిలబడి లాగలేం, దానితో పాటు మనమూ పోవాలి. దిగువన లంగరేసుకున్న రెండు పడవల వాళ్ళు మేం అరవకముందే తమ దారాలన్నీ చుట్టేసుకుని దారిచ్చారు. ఇక్కడ అది రాసిపెట్టని మర్యాద. ఒకతను బొటనవేలు ఎత్తి చూపించాడు, ఇంకొకతను రెండు చేతులూ చాపి ఎంతుందని అడిగాడు.

అప్పుడు అది పైకి లేచింది. పడవకి ముప్ఫై గజాల దూరంలో నీళ్ళు పగిలి, బూడిద రంగు ఒళ్ళు మొత్తం గాలిలోకి వచ్చి, పక్కకి తిరిగి పడింది. మా మరదలు కెవ్వుమంది. ఈ అడుగున తిరిగే చేప అంతెత్తు ఎగురుతుందని నేను అనుకోలేదు. నా మోకాళ్ళు వణుకుతున్నాయి, టెన్షన్‌తో అరచేతులు జారుతున్నాయి. మావయ్య నా వెనక నిలబడి నడుము పట్టుకున్నాడు. "బిగించకు. పోనీ. అలిసినప్పుడు చుట్టు" అంటూ గాలం రాడ్ ఎప్పుడూ పట్టని ఆయన సరిగ్గా గైడ్ చెప్పేదే తెలుగులో చెప్తున్నాడు. ముప్పావు గంట పట్టింది. చివర్లో నా ముంజేతులు బిగుసుకుపోయి వేళ్ళు తెరుచుకోలేదు.

పెద్ద చేపని పడవలోకి ఎత్తరు. మీటరున్నర దాటితే నీళ్ళలోంచి బయటికి తియ్యకూడదు, ఎత్తితే దాని బరువుకే లోపలి అవయవాలు నలుగుతాయి. అందుకని ఒక దిబ్బ పక్కన పడవ ఆపి, రబ్బరు ప్యాంట్లు తొడుక్కుని మొలలోతు నీళ్ళలోకి దిగాం. చల్లదనం ప్యాంటు మీంచే ఎముకల్లోకి ఎక్కింది. చేప మా మధ్య అలా ఉంది, ఊపిరి తీసుకుంటూ. చర్మానికి పొలుసు లేదు. తల నుంచి తోక వైపు నిమిరితే నునుపు, ఎదురు నిమిరితే గరుకు. వీపు మీది పలకలు వయసుకి అరిగి మొద్దుబారాయి. ముక్కు మీద అడ్డంగా ఒక పాత తెల్లటి గీత, ఎప్పుడో వలలో చిక్కి తప్పించుకున్న గుర్తు అని గైడ్ చెప్పింది. తోక పై రెక్క పొడవు, కింది రెక్క పొట్టి. కన్ను మాత్రం చిన్నది, అంత ఒంటికి నమ్మలేనంత చిన్నది. నోటి గొట్టం రెండుసార్లు బయటికి వచ్చి లోపలికి పోయింది.

స్కానర్ పెట్టగానే బీప్ అంది. ఎవరో ఎప్పుడో ముందే చిప్పు పెట్టిన చేప. పొడవు 218 సెంటీమీటర్లు, చుట్టుకొలత 84. బరువు 85 కిలోలు ఉండొచ్చంది గైడ్. మావయ్య వంగి రెండు అరచేతులూ దాని పొట్ట కింద పెట్టాడు. ఆయన చెరువులో ఏడాది పెరిగిన శీలావతి కిలోన్నర, రెండు కిలోలు తూగుతుంది. ఆడ స్టర్జన్ గుడ్లు పెట్టే వయసుకి రావడానికే ఇరవై ఏళ్ళకి పైగా పడుతుందని, ఆ తర్వాత కూడా ఏటేటా పెట్టదని, నూరేళ్ళు దాటి బతికేవి ఉన్నాయని నేను ఆయనకి చెప్తున్నాను. ఆయన వింటూనే దాని మొప్పలు ఆడే తీరు చూస్తున్నాడు. తోక దగ్గర పట్టుకుని, మూతి ప్రవాహానికి ఎదురుగా ఉంచి నిలబడమన్నది గైడ్. దానంతటది తోక కొట్టేదాకా వదలకూడదు. కొట్టింది. నా ముఖం నిండా నీళ్ళు.

ఇంకా మూడు గంటల టైం ఉంది. మేం మళ్ళీ గాలం వేయలేదు. చాలన్నది మావయ్యే. గైడ్ కూడా బలవంతపెట్టలేదు, అలా అడిగేవాళ్ళు అరుదని మాత్రం అన్నది.

శుక్రవారం రాత్రి

ఆ రాత్రి మావయ్య వంట. మరదలు సర్రే నుంచి చింతపండు, కారం, మెంతులు, ఆవాలు అన్నీ సీసాల్లో తెచ్చింది. పింక్ సాల్మన్‌తో పులుసు, సాకైతో ఇగురు. పింక్ మాంసం మెత్తన, పులుసులో ఎక్కువ మరిగితే విడిపోతుంది. ఆయన అది మొదటి ఉడుకులోనే పసిగట్టి గరిటె పెట్టకుండా గిన్నె తిప్పుతూ ఉడికించాడు. సాకై ఎర్రగా గట్టిగా ఉండి ఇగురుకి బాగా కుదిరింది. పులస ముందు ఏదీ నిలవదన్నాడు గానీ రెండోసారి వడ్డించుకున్నాడు. కాల్చిన మొక్కజొన్న కంకులకి నిమ్మకాయ, ఉప్పుకారం.

అన్నాలయ్యాక ఆ పాత ప్రశ్న మళ్ళీ వచ్చింది. తినని చేపని ముప్పావు గంట అలుపు చేసి వదలడం దేనికి? ఇది న్యాయమైన ప్రశ్న, ఇక్కడి వాళ్ళలోనూ ఉంది. ఎండాకాలం నీళ్ళు వేడెక్కినప్పుడు పదేపదే పట్టి వదిలితే చేప కోలుకోలేదనే వాళ్ళున్నారు. అసలు ముట్టుకోవద్దనే వాళ్ళూ ఉన్నారు. ఇటువైపు చూస్తే, ఈ చేప గురించి తెలిసిన దానిలో పెద్ద భాగం ఇలా పట్టి వదిలిన పడవల నుంచే వచ్చింది. 1890ల్లో మాంసానికీ గుడ్లకీ ఎగబడి పట్టారు, 1897లో పది లక్షల పౌన్లకి పైగా. కొద్ది ఏళ్ళలోనే నది ఖాళీ అయిపోయింది. నూరేళ్ళు గడిచినా పూర్తిగా కోలుకోలేదు. 1993, 94 ప్రాంతంలో పెద్ద పెద్ద స్టర్జన్‌లు చచ్చి ఒడ్డుకి కొట్టుకొస్తుంటే జనం కదిలారు. స్టోలో వాళ్ళు తమకు హక్కున్న వేటనే ఆపుకున్నారు. 1997లో ఫ్రేజర్ రివర్ స్టర్జన్ కన్సర్వేషన్ సొసైటీ ఏర్పడింది, చక్రాల కుర్చీలో ప్రపంచం చుట్టిన రిక్ హాన్సెన్ దాన్ని మొదలుపెట్టిన వాళ్ళలో ముఖ్యుడు. 2000 నుంచీ గైడ్‌లూ, వేటగాళ్ళూ జీతం లేకుండా చిప్పులు పెడుతూ, కొలతలు రాస్తూ వస్తున్నారు.

నా మటుకు నేను తేల్చుకున్నది ఇది: నీళ్ళు చల్లబడ్డాక వెళ్ళాలి, కొలతలు రాసే గైడ్‌తోనే వెళ్ళాలి, ఒక మంచి చేప పడ్డాక ఆపేయాలి. కొలతలు రాసిపెట్టడం కోసం పట్టడం సరైందే అనిపించింది. ఎన్ని పట్టామో చెప్పుకోవడం కోసం పట్టడం సరికాదు. మావయ్య దీనికి సగమే ఒప్పుకున్నాడు.

శనివారం, హోప్ దాటి హెల్స్ గేట్

హోప్ దాటాక కొండలు దగ్గరికి వచ్చేస్తాయి, నది ఇరుకవుతుంది. యేల్ దగ్గర ఒడ్డున రాళ్ళ మీద స్టోలో వాళ్ళ చేపలు ఆరబెట్టే కర్ర పందిళ్ళు కనిపించాయి, ఖాళీగా. జూలైలో ఈ లోయలో వీచే వేడి పొడి గాలికి సాల్మన్ ఉప్పు లేకుండానే ఆరిపోతుందట. మన వైపు ఎండుచేపలకి ఉప్పు, ఎండ రెండూ కావాలి. మావయ్య దిగి ఆ పందిళ్ళ దగ్గరికి వెళ్ళబోతే, అవి కుటుంబాల సొంత చోట్లు, అడక్కుండా వెళ్ళకూడదని తమ్ముడు ఆపాడు. రోడ్డు మీంచే చూశాం.

హెల్స్ గేట్‌లో నది ముప్ఫై అయిదు మీటర్ల సందులోంచి దూరుతుంది. 1808లో, ఈ నదికి ఎవరి పేరు పెట్టారో ఆ అన్వేషకుడు సైమన్ ఫ్రేజర్ ఇటుగా వెళ్తూ మనుషులు రాకూడని చోటని రాసుకున్నాడు. 1914లో రైలు మార్గం కోసం కొండ పేలుస్తుంటే రాళ్ళు జారి నదిలో పడి, సాల్మన్ దారి మూసుకుపోయింది. ఎగువ ఊళ్ళ వాళ్ళకి ఆ ఏడాదుల్లో తిండే పోయింది. 1940ల్లో కాంక్రీటుతో చేపల మెట్లు కట్టాకే దారి తెరుచుకుంది. తాళ్ళ మీద నడిచే డబ్బాలో కిందకి దిగి వంతెన మీంచి చూస్తే, ఆ మెట్ల పక్కన సుడిలో ముదురు ఎరుపు వీపులు ఆగి ఆగి ఎదురీదుతున్నాయి. మావయ్య గంటన్నర కదల్లేదు. టికెట్టు డబ్బులు దండగ అని పొద్దున అన్నది ఆయనే.

ఆదివారం, దిగువకి

తిరుగు దారిలో చిల్లివాక్ దగ్గర ఒడ్డున కాసేపు ఆగాం. దిబ్బ మీద మడత కుర్చీలో ఒక పంజాబీ పెద్దాయన, రిటైరైన లారీ డ్రైవర్, రెండు రాడ్లు గుచ్చి కూర్చున్నాడు. పడవ, గైడ్ లేకుండా స్టర్జన్ పట్టడం ఇలా: లైసెన్సు, రాడ్, ఎర, ఓపిక. ఏప్రిల్ నుంచి ప్రతి ఆదివారం వస్తాడట. మావయ్యకి వచ్చిన హిందీ, ఆయనకి వచ్చిన హిందీ కలిసి ఎలా నడిచాయో గానీ, చెరువుల్లో మేత ధరల దగ్గర్నుంచి మోకాళ్ళ నొప్పుల దాకా మాట్లాడుకున్నారు. మాకు మిరపకాయ పకోడీలు పెట్టాడు, మిగిలిన మొక్కజొన్న కంకులు మేమిచ్చాం. ఆ గంటలో ఆయన రాడ్ ఒక్కసారీ వంగలేదు, ఆయన ముఖంలో దాని గురించి ఏ చింతా లేదు.

సాయంత్రానికి స్టీవ్‌స్టన్, నది సముద్రంలో కలిసే చోటు. 1894లో కట్టిన చేపల డబ్బాల ఫ్యాక్టరీ ఇప్పుడు మ్యూజియం. రేవులో పడవల మీంచే చేపలు అమ్ముతారు. బేరం ఆడరు, బోర్డు మీద రాసిందే ధర. మావయ్య అలవాటుగా ఒక మాట తగ్గించి అడిగాడు. అమ్మేవాడు నవ్వి ధర తగ్గించలేదు గానీ, ఐస్ మాత్రం రెండు పారలు ఎక్కువేశాడు. ఫిష్ అండ్ చిప్స్ నలుగురికీ కలిపి తొంభై డాలర్లకి దగ్గరైంది. పిండి పలచగా, హాలిబట్ లోపల తడిగా, బాగుంది.

కాల్గరీ వచ్చేశాక

గైడ్ నిన్న మెసేజ్ పెట్టింది. మా చేపకి మొదట చిప్పు పెట్టింది పద్నాలుగేళ్ళ కిందట, మిషన్‌కి దిగువన. అప్పుడు దాని పొడవు 164 సెంటీమీటర్లు. మధ్యలో రెండుసార్లు వేరేవాళ్ళకి పడింది, రెండుసార్లూ వదిలారు. మావయ్యకి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఆయన లెక్క వేసుకుని, ఏడాదికి నాలుగు సెంటీమీటర్లు కూడా లేదు, ఈ పెరుగుదలతో చెరువు పెడితే మనవడికి కూడా చేతికి రాదు అన్నాడు. తర్వాత ఆ నంబరు చెప్పమని, కాగితం మీద రాసుకుని, ఒక అంకె సరిగ్గా వినపడలేదని మళ్ళీ చెప్పించుకున్నాడు. ఈసారి ఎవరికైనా పడితే తనకీ తెలియాలట. గైడ్‌ని అడిగాను. పంపిస్తానంది.